పంటిగాటు

జుమ్మేరాత్ బజారులో ఖుద్దూస్ పరిచిన గోనెపట్టా మీద
తుప్పు తాళాలకీ ఒంటి చెప్పులకీ నడుమ
బోర్లా పడి ఉంది.
తిప్పి చూశాను: పొడుగు తోక,
లేత ఆకాశం రంగు, నడినెత్తిన నారింజ చార.
ఒక చక్రం లేదు. కుడి లైటు గుంట ఖాళీ.
"నూటయాభై."
"బొమ్మకారుకా?"
"బొమ్మైతే మోకాళ్ళ మీదెందుకు కూసున్నవ్ సాబ్?"
ఇచ్చేశాను.

కోఠీలో, మెట్లు అరిగిన భవనం రెండో అంతస్తులో
నేను కట్టుడుపళ్ళు చేస్తాను.
డాక్టర్లు అచ్చులు పంపుతారు,
మనుషుల్ని పంపరు.
ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరు నాకు
నోళ్ళుగానే తెలుసు.
గుట్కా నోళ్ళు, నిద్రలో పటపటా నూరే నోళ్ళు,
ఒకే పక్క నమిలి నమిలి ఒరిగిపోయినవి.

అందరూ వెళ్ళాక అదే బల్ల, అదే దీపం,
కార్లు.
దీనితో పద్దెనిమిది.
అన్నీ ఇరవై నాలుగ్గంటలు ఉరికినవాటి నకళ్ళే.
లెమాన్ ఎక్కడంటే పటంలో వేలు పెట్టలేను.
రెప్పపాటులో గెలిచేవాటి మీద మనసు పోదు నాకు.
తెల్లారుజాము మూడింటికి, వానలో,
బ్రేకులు నిప్పుకణికలౌతుంటే
ఇంకొకడి చెమట ఆరని సీట్లో కూర్చుని
మలుపు తిప్పేవాడి కారు కావాలి.

అసలుకి నలభై మూడో వంతు ఇది.
ఒక రాత్రి లెక్క కట్టాను:
నన్నూ అలాగే కుదిస్తే
నా చిటికెనవేలంత కూడా ఉండను.
రోజుని కుదిస్తే ముప్పై మూడున్నర నిమిషాలు,
అచ్చులో పోసిన ప్లాస్టరు గట్టిపడే సేపు.

కొత్తవాటిలో కొన్ని మురికి పూసి మరీ అమ్ముతారు,
అద్దం మీద చచ్చిన పురుగుల మరకలతో సహా,
ధర రెట్టింపు, అని చెబితే
అనసూయ చీపురు పట్టుకుని నవ్వింది.
"మనింట్ల ఊకెనే వస్తది గదా."

చక్రం మైనంలో చెక్కాను, దవడపన్ను కన్నా తేలిక.
లైటు గుంటలో పారదర్శకంగా ఒక్క అక్రిలిక్ చుక్క.
తర్వాత భూతద్దం తోక మీదికి జరిపాను.

తోక చివర ప్లాస్టిక్ రెక్క.
పైన రెండు నొక్కులు, కింద మూడు.
పాలపళ్ళు.
పై రెండిటి నడుమ సందు, బియ్యపుగింజ పట్టేంత.
కింద ఎడమది అప్పటికే కదులుతోంది,
దాని నొక్కు లోతు లేదు.
ఆరేళ్ళుంటాయి.

కోపంతో కొరికింది కాదు. కోపానికి గీత జారుతుంది.
ఇది పట్టుకున్న గాటు.
రెండు చేతులూ ఇంక దేనికో కావలసొచ్చి
(గోడ ఎక్కడానికో, ఊడే లాగూ పట్టుకోడానికో)
కారుని నోట కరుచుకున్నారు,
పిల్లి తన కూనని కరుచుకున్నట్టు.

ఇన్నివేల నోళ్ళు చేతిలోంచి పోయాయి,
దేన్నైనా ఇంత జాగ్రత్తగా పట్టుకున్న నోరు
ఇదే చూడ్డం.

కొత్త రెక్క పావుగంట పని.
చేశాను. అతికించలేదు. అగ్గిపెట్టెలో ఉంది.

ఆ పళ్ళు ఊడి, ఏ పెంకుల మీదికో విసిరేసి
ఎన్నేళ్ళైందో.
వచ్చిన ప్రతి అచ్చులో ముందుపళ్ళ సందు వెతుకుతున్నాను,
పాలపళ్ళ సందు పెద్దపళ్ళకి రావాలని లేదని
తెలిసీ.

నిన్న మలక్‌పేట నుంచి ఒకటొచ్చింది.
పై పళ్ళు రెండూ లేవు.
చీటీలో రాశారు: సహజంగా కనపడాలి.

రెండిటినీ పేర్చాను.
మధ్యన ఎవరూ అడగని ఖాళీ,
బియ్యపుగింజ పట్టేంత,
పెట్టి, మూసేసి,
మళ్ళీ పెట్టాను.
మైనం ఇంకా మెత్తగానే ఉంది.